మూత్రపిండ వ్యాధి – దోషము, బాధ్యత

ఒక గృహస్థునకు మూత్రపిండములు చెడినవని తెలిసిన మరునాటి నుండి ఆ యింటి అరుగు మీద ఒకే ప్రశ్న వినవచ్చును. పరామర్శకు వచ్చినవారు కూర్చుండి, మంచినీళ్లు పుచ్చుకొని, కొంతసేపు ఊరకుండి, పిమ్మట మెల్లగా అడుగుదురు: "ఏం తినేటోడు? తాగుడు గిట్ల ఉండెనా?" సూర్యాపేటలోనైనను, కోదాడలోనైనను, మిర్యాలగూడలోనైనను ఈ ప్రశ్న మారదు. అడుగువారి మనస్సులో ద్వేషము లేదు, ఉన్నది భయము. రోగి ఏదో తప్పు చేసినాడని తేలినచో, ఆ తప్పు చేయని తమకు ఆ రోగము రాదను ధైర్యము వారికి కలుగును. ఆ ధైర్యము కొరకు వారు తమకు తెలియకయే రోగిని దోషిగా నిలబెట్టుదురు.

రోగియు ఆ తీర్పును తలవంచి అంగీకరించుట ఇంకను విచారకరము. వారమునకు మూడు పర్యాయములు, ఒక్కొక్క పర్యాయము నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పరుండి రక్తమును శుద్ధి చేయించుకొనువాడు "నేను చేసుకున్నదే" అనును. అతని భార్య వంటింటిలోని ఊరగాయ జాడీని చూచి తనను తాను నిందించుకొనును. పెండ్లి కావలసిన కుమార్తె ఉన్న ఇంటిలో వ్యాధి పేరును బయటికి చెప్పుటకే వెనుదీయుదురు.

మనుష్యుని దేహమునకు వచ్చిన కీడులో అతని పాలు ఎంత, లోకము పాలు ఎంత? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కాని నేడు అది క్రొత్త వేషముతో వచ్చుచున్నది. ఆహారనియమము, జీవనసరళి, వ్యక్తికి తగిన వైద్యము అను మాటలు పత్రికలలోను, ఆసుపత్రి గోడల మీదను విరివిగా కనబడుచున్నవి. మంచి మాటలే. అయితే వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, ఈ వాక్యములన్నింటికిని కర్తృపదము ఒక్కటే, రోగి. తినువాడు అతడు, తిరుగువాడు అతడు, మానవలసినవాడును అతడే. కాలువ, మిల్లు, చౌకధరల దుకాణము, బావి, ఎండ, కూలి రేటు అను పదములు ఆ వాక్యములలో ఏ విభక్తితోను కనబడవు.

సమాధానము వెదకుటకు ముందు ఆ అవయవపు స్వభావము కొంత తెలియవలెను. నడుము వెనుక, పక్కటెముకల అడుగున, వెన్నెముకకు ఇరువైపుల గుప్పెడంత ప్రమాణములో ఉండు ఈ పిండములలో ఒక్కొక్కదానియందు సుమారు పది లక్షల వడపోత గొట్టములు కలవు. గుండె పంపు రక్తములో రమారమి ఐదవ వంతు వీటి గుండా పోవును. దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవము వడియగా, అందులో లీటరున్నర మాత్రము మూత్రముగా వెడలును; మిగిలినదంతయు తిరిగి రక్తమునే చేరును. అనగా పారవేయుట కంటె తిరిగి తీసికొనుటయే ఈ అవయవము చేయు పెద్ద పని. ఉప్పును, నీటిని, ఆమ్లమును తూకము తప్పకుండ నిలుపుట, రక్తపు పోటును అదుపు చేయుట, ఎముకలకు కావలసిన డి విటమినును పనికివచ్చు రూపమునకు తెచ్చుట, ఎర్ర కణములు పుట్టుటకు ప్రేరేపించుట కూడ దీని విధులే.

ఇన్ని పనులు చేయు ఈ అవయవము తన బాధను మాత్రము చెప్పుకొనదు. సగము శక్తి పోయినను మనిషి పొలమునకు పోవుచునే యుండును. కాళ్ల వాపు, ఆయాసము, అన్నము సయింపకుండుట, వాంతులు కనబడు నాటికి వడపోత శక్తి నూటికి పదిహేను పాళ్లకు దిగియుండుట అరుదు కాదు. అందుచేత "ఏం తినేటోడు" అను ప్రశ్న ఎప్పుడును ఆలస్యముగనే వచ్చును. పదిహేను, ఇరువది ఏండ్ల క్రిందటి కంచమును గూర్చి నేడు అడుగుచున్నారు. ఆ కంచములోనికి ఏది ఎట్లు వచ్చినదో చూడవలసియున్నది.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలినారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నేలలను తడిపిన పిమ్మట ఆ ప్రాంతపు భోజనమే మారినది. అంతకు పూర్వము మెట్ట ఊళ్లలో జొన్న గటకయు, సజ్జ రొట్టెయు నిత్యాహారము; వరియన్నము పండుగకు, చుట్టములకు, బాలింతకు. కాలువ వచ్చిన పిమ్మట వరి పొలము, వరి వెంట మిల్లు, మిల్లు వెంట మరలో మెరుగు పెట్టిన తెల్లని బియ్యము వచ్చినవి. నేడు మిర్యాలగూడ పేరు చెప్పగానే బియ్యపు మిల్లులే జ్ఞప్తికి వచ్చును. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము బీదవాని యింటికి కూడ ఆ తెల్లని అన్నమును చేర్చినది. 2025 ఉగాది నాడు రేషను దుకాణములలో సన్నబియ్యపు పంపిణీకి ఆరంభోత్సవము జరిగినది కూడ ఈ ప్రాంతమునందే, హుజూర్‌నగర్‌లో.

ఆకలిని తీర్చిన కాలువను నిందించుట కృతఘ్నత. కడుపు నిండా అన్నము తిని ఎరుగని ముసలమ్మలు ఆ మొదటి పంట నాడు ఎట్లు సంతోషించియుందురో ఊహింపవచ్చును. ఐనను వాస్తవము వాస్తవమే. తవుడు తీసిన తెల్లని అన్నము త్వరగా రక్తములో చక్కెరగా మారును. మోట తోలి, నాగలి పట్టి, నాట్లు వేసిన దేహము ఆ చక్కెరను ఖర్చు పెట్టుకొన్నది. అదే కొలతలో అన్నము తిని, మోటారు సైకిలు ఎక్కి, ఎరువుల దుకాణములో బల్ల ముందు సాయంకాలము వరకు కూర్చుండు మనుమని దేహము దానిని ఖర్చు పెట్టలేకపోయినది. చక్కెర వ్యాధి, రక్తపు పోటు అను రెండును మూత్రపిండముల పతనమునకు లోకమంతటను ప్రధాన కారణములుగా తేలినవి. ఇందులో ఆ మనుమని తప్పు ఎంత? అతని జీవనసరళిని అతడొక్కడు నిర్మింపలేదు. కాలువ త్రవ్వినవారు, వంగడములు పంచినవారు, మద్దతు ధర నిర్ణయించినవారు, రోడ్డు వేసినవారు అందరును కలిసి నిర్మించినారు. వారిలో ఎవరును చెడు తలపెట్టలేదు.

నీటి సంగతి మరియొక విధముగా ఉన్నది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని బావి నీటి ఫ్లోరైడు విషమును గూర్చి 1955లోనే బ్రిటిషు వైద్య పత్రికలో వ్యాసము వెలువడినది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతములలో వంగిన వెన్నులు, వంకరపోయిన కాళ్లు చూడనివారు ఆ జిల్లాలో లేరు. పటికయు, సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టినది. రోగము వలన ఒక జిల్లా పేరు శాస్త్ర గ్రంథములకు ఎక్కినది. దేహములో చేరిన ఫ్లోరైడులో ఎక్కువ పాలు బయటికి పోవలసినది మూత్రపిండముల ద్వారానే. అవి బలహీనపడినవానికి అది ఒంటిలోనే నిలిచిపోవును. సూర్యాపేట పట్టణమో, మహానగరపు మురుగును మోసికొని వచ్చు మూసీ నీటినే దీర్ఘకాలము త్రాగినది. మిషన్ భగీరథ ద్వారా కృష్ణాజలము వచ్చిన పిమ్మట ఈ బాధ చాలవరకు తీరినది. ఇక్కడి ప్రతి రోగి వ్యాధిని ఆ నీటికి ముడిపెట్టుట సరికాదు. కాని దాహము వేసినవాడు ఊరిలో ఉన్న నీటినే త్రాగును గాని నీటిని ఎంచుకొని త్రాగడు.

దోషము రోగిది కాదనుటకు ఉద్దానము కంటె గట్టి సాక్ష్యము లేదు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో, కొబ్బరి చెట్ల, జీడి తోటల నీడలో వేలాది మంది మూత్రపిండ వ్యాధిగ్రస్తులైనారు. వారిలో అనేకులకు చక్కెర వ్యాధి లేదు. తోటపని చేయు మధ్యవయస్కులు, భోగలాలసులు కారు. దశాబ్దముల పరిశోధన జరిగినను నిశ్చయముగా ఇది కారణమని తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య మండలములోని వరి రైతులకును, మధ్య అమెరికాలోని చెరకు కూలీలకును ఇటువంటి వ్యాధియే వచ్చినది. 2023 డిసెంబరు 14న పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును, ఉద్దానమునకు మంచినీరు తెచ్చు పథకమును ప్రారంభమైనవి. నీటి గొట్టము, ఆసుపత్రి కలిసి ఒకే నాడు వచ్చుటలో ఒక ఒప్పుకోలు ఉన్నది. తోటమాలి కంచమును మాత్రమే పరీక్షించినచో చాలదని ప్రభుత్వమే అంగీకరించినట్లయినది.

ఇక ఎండ. వేసవిలో నలుబది నాలుగు, నలుబది ఐదు డిగ్రీలు తాకు నేలలివి. మిర్యాలగూడ మిల్లులలో బస్తాలెత్తు హమాలీ, కోదాడ దాపున సున్నపురాతి గనులలో పనిచేయు కూలీ, సూర్యాపేట వ్యవసాయ మార్కెట్టులో ధాన్యము తూర్పారబట్టు స్త్రీ చెమట రూపమున పోగొట్టుకొను నీరు కొంచెము కాదు. ఒంటిలో నీరింకిన కొలది మూత్రపిండమునకు రక్తము తగ్గును. అది ఒకనాటి మాట అయినచో మరల కోలుకొనును. ప్రతి వేసవియు, ప్రతి దినమును అదే అయినచో మచ్చ నిలిచిపోవునని వైద్యులు శంకించుచున్నారు. ఆ స్త్రీ తక్కువ నీరు త్రాగుట కేవలము అలవాటు కాదు. మార్కెట్టులో ఆడవారికి మరుగుదొడ్డి సరిగా లేనప్పుడు ఆమె ఉదయము నుండి దాహమును బిగబట్టును. సాయంకాలము నడుము నొప్పికి మందుల దుకాణములో చీటీ లేకుండ రెండు మాత్రలు కొని వేసికొనును. నీరు తగ్గిన దేహములో ఆ నొప్పి మాత్రలే మూత్రపిండమునకు పెద్ద దెబ్బ. రోగచరిత్రలో "నొప్పి మాత్రల దుర్వినియోగము" అని ఒక పంక్తి వ్రాయబడును. మరుగుదొడ్డి మాట వ్రాయబడదు.

బసవేశ్వరుని బోధలో కాయకమునకు గల స్థానము ఈ పత్రిక పాఠకులకు తెలిసినదే. కాయముతో చేయునది కాయకము. శ్రమయే పూజ అని ఆ మాటకు అర్థము. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో చాకలి మడివాలు మాచయ్య, మాదర చెన్నయ్య వంటి శ్రామికులే మహాభక్తులు. ఈ సిద్ధాంతమును తేలికగా తీసికొనువారు దానిని శ్రామికుని కష్టమునకు ఓదార్పు మాటగా వాడుదురు. నిజమునకు అది శ్రమ చేయించువానికి వర్తించు శాసనము. బస్తా మోయుట పూజయే అయినచో, మిల్లు గోడ ప్రక్కన చల్లని నీటి కుండ, గంటకొకమారు నీడలో కూర్చుండు అవకాశము పూజాద్రవ్యములే కదా. మధ్య అమెరికాలో కొన్ని చెరకు తోటలయందు నీరు, విశ్రాంతి, నీడ అను మూడింటిని కూలీలకు నియమముగా కల్పించి చూచినారు. మూత్రపిండములకు కలుగు దెబ్బ తగ్గినది. ఆ మూడింటికి అగు వ్యయము ఒక డయాలసిస్ యంత్రపు ధరతో పోల్చదగినది కాదు.

రోగి గుణదోషములు తూచి వైద్యము పంచుట ఎక్కడికి పోవునో చూపిన ఉదాహరణ అమెరికాలోని సియాటిల్ నగరములో ఉన్నది. 1960 ప్రాంతమున దీర్ఘకాల డయాలసిస్ సాధ్యమైనది. యంత్రములు కొద్ది, రోగులు వేలు. ఎవరికి యంత్రము, ఎవరికి మరణము అని నిర్ణయించుటకు అక్కడ సామాన్య పౌరులతో ఒక సంఘము నియమించినారు. 1962లో ఒక పత్రిక దాని పనితీరును లోకమునకు వెల్లడించినది. రోగి వయస్సు, సంపాదన, చదువు, పిల్లల సంఖ్య, ఉద్యోగము, చర్చికి పోవు అలవాటు కూడ వారు లెక్కించినారు. ఆ సభ్యులు దుర్మార్గులు కారు. తమ వీధిలోని పెద్దమనుషుల వంటివారే. కాని వారి తూకములో వారిని పోలినవారే బరువుగా తూగినారు. దీనిపై లేచిన విమర్శ చల్లారలేదు. 1972లో అమెరికా శాసనసభ మూత్రపిండములు పోయిన దాదాపు అందరికిని ప్రభుత్వ వ్యయముతో చికిత్స నిచ్చు చట్టము చేసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కూడ రోగి శీలమును అడుగలేదు. తెల్లకార్డును మాత్రమే అడిగినది. అరుగు మీద ప్రశ్న వేయువారి కంటె ఆ పథకము ధర్మబుద్ధి గలదని చెప్పవలెను.

ఇంత చెప్పిన పిమ్మట ఒక ఆక్షేపణ లేవకమానదు. అంతయు కాలువ, బావి, ఎండ అయినచో మనిషి చేయవలసినదేమియు లేదా? చక్కెర ఉన్నదని తెలిసియు అయిదేండ్లు పరీక్ష చేయించుకొననివాడు, పోటు మాత్రలను "అలవాటయిపోతయి" అని తనంత తానే మానివేసినవాడు, చుట్టయు సారాయియు వదలనివాడు దోషి కాడా? ఈ ఆక్షేపణను త్రోసివేయుట నిజాయితీ కాదు. అటువంటివారు ప్రతి ఊరిలో ఉన్నారు. వారి వలన ఆ యింటి ఆడవారు పడిన కష్టము అబద్ధము కాదు. కాని ఇక్కడ రెండు మాటలను వేరు చేయవలెను. దోషము గడచిన దానిని చూచును. బాధ్యత రాబోవు దానిని చూచును. దోషము లేనివానికిని బాధ్యత ఉండవచ్చును. వరదలో ఇల్లు పోయినవానిది దోషము కాదు. తిరిగి గోడ లేపవలసిన చేతులు మాత్రము అతనివే. దోషమును నిరూపించుటకు సాక్షులు కావలెను, శిక్ష కావలెను. బాధ్యతకు కావలసినది తోడు. మూత్రము పరీక్ష చేయించుకొనుమని చెప్పు అన్న మాట ఒకటి, "నీ పాపమే" అను బంధువుల మాట మరియొకటి. మొదటిది విన్నవాడు ఆసుపత్రికి పోవును, రెండవది విన్నవాడు పొరుగూరి నాటుమందుల వానిని రహస్యముగా ఆశ్రయించును. ఆ మందులలో పాదరసము, సీసము వంటి లోహములు ఉన్నప్పుడు మిగిలిన కొద్ది శక్తియు పోవును.

వ్యక్తికి తగిన వైద్యమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఈ మాట వినగానే జన్యుపరీక్షలు, విదేశీ ఔషధములు మనస్సునకు వచ్చును. అవియు ఉన్నవి. మూత్రపిండ మార్పిడి జరిగినవానికి ఇచ్చు టాక్రోలిమస్ అను మందు ఒకే కొలతలో ఒకని రక్తములో తక్కువగాను, వేరొకని రక్తములో ఎక్కువగాను నిలుచును. జన్యుభేదమే దానికి ఒక కారణము. కాని సూర్యాపేట రోగికి వ్యక్తిగత వైద్యము అంతకంటె చాల ముందే, ప్రయోగశాల వారిచ్చు చీటీ మీది లెక్కతోనే ఆరంభము కావలెను. రక్తములో క్రియాటినిన్ 1.2 అని చీటీ మీద ఉన్నదనుకొందురు. ఇరువది ఐదేండ్ల యువకునకు ఆ అంకె వడపోత శక్తి దాదాపు 86 అని చెప్పును, భయము లేదు. అరువది ఏండ్ల స్త్రీకి అదే 1.2 అయినచో శక్తి 52 మాత్రమే అని తేలును. ఆమెకు వ్యాధి మూడవ దశలో ఉండవచ్చును. క్రియాటినిన్ కండలలో పుట్టును కనుక బక్కపలుచని దేహములో అది తక్కువగా కనబడి మోసము చేయును. "నార్మల్" అను ఒక్క మాటతో ఆమె ఇంటికి తిరిగి వచ్చినచో ఆ తప్పు ఎవరిది?

ఆహారమునందు ఈ భేదము మరింత స్పష్టము. 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినది; నాటి నుండి ప్రతి సభలోను జొన్న, కొర్రల మహిమ వినబడుచున్నది. చక్కెర వ్యాధి తొలిదశలో ఉన్నవానికి జొన్న రొట్టె మంచిదే. కాని మూత్రపిండములు బాగుగా క్షీణించినవానికి తవుడుతో కూడిన ధాన్యములోని ఫాస్ఫరసు, పొటాషియం బరువగుట వలన వైద్యుడు తెల్లని అన్నమునే తినుమనవచ్చును. ఏ బియ్యము వ్యాధికి దారి తీసినదో ఆ బియ్యమే తుదకు పథ్యమగుట విచిత్రము. ఉద్దానపు కొబ్బరి బొండము ఆరోగ్యవంతునకు అమృతము. పొటాషియం నిలిచిపోవు రోగికి గుండె ఆగునంత ప్రమాదము. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు వార్చివేయుమని రోగికి చెప్పుదురు. సారము పోవునని అదే పనిని మిగిలినవారికి వలదందురు. దుకాణములలో తక్కువ సోడియం ఉప్పు అని అమ్మునది రక్తపు పోటు గల చాలమందికి మేలు చేయును. అందు పొటాషియం ఉన్నందున మూత్రపిండ రోగికి అది తగదు. రక్తములోని ఫాస్ఫరసును కొలుచు సులభ విధానమును 1925లో ఫిస్కేతో కలిసి లోకమునకిచ్చినవాడు భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ కొలత లేనిదే పథ్యము చెప్పుట చీకటిలో బాణము.

ఒకే ఇంటిలో తండ్రి డయాలసిస్ రోగి, కుమారుడు మిల్లు హమాలీ అనుకొన్నచో ఒకే కుండలోని నీరు ఇద్దరికి రెండు ధర్మములు చెప్పును. కుమారుడు వేసవిలో లీటర్ల కొలది త్రాగవలెను. తండ్రి, మూత్రము పోయినంతకు అర లీటరు కలిపి, అంతటితో ఆగవలెను. మించినచో ఊపిరితిత్తులలో నీరు చేరును. మండుటెండలో కుమారుడు చెంబెత్తి త్రాగుచుండగా నాలుక మీద మంచుముక్క నిడుకొని చూచుచుండు తండ్రి తపస్సును ఏ పురాణమును వర్ణింపలేదు. శివరాత్రి నాడు అట్టివాడు ఉపవాసము మానినందుకు నొచ్చుకొనవలసిన పని లేదు. అతని వ్రతము ఏడాది పొడుగునను సాగుచునే యున్నది.

అయితే వ్యక్తిగత వైద్యమను ఈ సూక్ష్మత వెనుక ఒక ముల్లు ఉన్నది. పథ్యమంతయు నీ దేహమునకు సరిపడునట్లే వ్రాసి ఇచ్చినాము, ఇక చెడినచో నీదే పూచీ అను ధ్వని దానిలో సులభముగా చేరిపోవును. దినమునకు అయిదు గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పును. చెంచాడు ఉప్పు. దానిని కొలుచుకొని వండుట ఎవరి పని? ఆ యింటిలో పొద్దున కూలికి పోయి పొద్దుగూకి వచ్చు స్త్రీ రెండు పొయ్యిల మీద రెండు పప్పులు, ఒకటి ఉప్పుతో, ఒకటి లేకుండ, వండవలసివచ్చుచున్నది. రోగికి చప్పిడి కంచము విడిగా పెట్టి ఒక మూల కూర్చుండబెట్టుదురు. అతనికి అన్నము కంటె ఆ మూలయే సహింపదు. ఇంటిల్లిపాదియు కొంచెము కొంచెముగా ఉప్పు తగ్గించుకొని ఒకే పప్పు తినుట వైద్యశాస్త్రమునకు విరుద్ధము కాదు సరికదా, రోగి పిల్లలకు అది మిక్కిలి అవసరము. తండ్రికి చక్కెర, పోటు ఉన్న ఇంటిలో వారికిని ఆ ప్రమాదము పొంచియున్నది. ఏటికొకసారి పోటు, చక్కెర, మూత్రములోని ఆల్బుమిన్ చూపించుకొన్న చాలును. తొలిదశలోనే తెలిసినచో పతనమును ఏండ్ల తరబడి వెనుకకు నెట్టు మందులు నేడున్నవి. పరీక్షకు పోని కుమారుడు ధైర్యవంతుడు కాడు. అరుగు మీది ప్రశ్న తనను కూడ చేరునని భయపడినవాడు.

ఇక మూత్రపిండమును ఇచ్చువారి సంగతి మిగిలినది. 1994 నాటి చట్టము సమీప బంధువులు అవయవమునిచ్చుటకు అనుమతించినది. ఈ దేశములో బ్రతికియుండి మూత్రపిండము నిచ్చువారిలో స్త్రీలు ఎక్కువ. పుచ్చుకొనువారిలో పురుషులు ఎక్కువ. తల్లి ఇచ్చును, భార్య ఇచ్చును, అక్క ఇచ్చును. భార్యకు వ్యాధి వచ్చినప్పుడు భర్తకు రక్తపరీక్ష చేయింపవలెనను మాట ఎత్తినచో "సంపాదించేటోడు కదా" అను సమాధానము వచ్చును. నాట్లు వేయు చేతుల సంపాదన ఆ లెక్కలో ఎందుకు చేరదో ఎవరును చెప్పరు. ఆసుపత్రిలో అధికారులు ఆమెను ఒంటరిగా కూర్చుండబెట్టి, ఇష్టపూర్వకముగనే ఇచ్చుచున్నావా అని అడుగుదురు. ఆమె అవునని తల ఊపును. తనను అడుగకముందు ఇంటిలో ఎవరెవరిని అడిగినారో చెప్పుమని ఆమెను ఎవరును ప్రశ్నింపరు.

మరణించినవారి అవయవములను అవసరమైనవారికి చేర్చు జీవన్‌దాన్ పథకము ఉమ్మడి రాష్ట్రములో 2013లో ఆచరణకు వచ్చినది. మెదడు మరణించినదని వైద్యులు నిర్ధారించిన పిమ్మట, గుండె ఇంకను యంత్రసహాయముతో కొట్టుకొనుచుండగా, బంధువులు కొద్ది గంటలలో సమ్మతి చెప్పవలసియుండును. సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి మీద ప్రమాదములు కొత్త కాదు. ఆ దుఃఖములో వచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పుట కష్టము. ముందుగనే ఇంటిలో కూర్చుండి అనుకొనియున్న కుటుంబములకు అది కొంత తేలిక. ఒకని రెండు మూత్రపిండములు ఇద్దరికి పోవును. ఆ ఇద్దరిలో ఒక్కరి ఇంటిలోనైనను ఒక తల్లియో, భార్యయో, అక్కయో తన కడుపు కోయించుకొను అవసరము తప్పును.